మేస్టారి ఖాళీ డబ్బీ

రెండు వేల ఎనిమిదో సంవత్సరమండి. అమలాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఆయాని. మా ఆయన పోయాక అదే నా బతుకుతెరువు. నాకు సంతకం, అంకెలు తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

రాజోలు నుంచి ఓ లెక్కల మేస్టారు కడుపులో మంటతో చేరేరు. పుండు పెట్టే పురుగేమన్నా ఉందేమోనని డాక్టరుగారు స్టూల్ టెస్ట్ రాసేరు. అంటే దొడ్డికెళ్లింది కాస్త డబ్బీలో పట్టి ఇవ్వాలి. రోజూ పొద్దున్నే నేనెళ్లి గుమ్మంలో నిలబడేదాన్ని.

"అయిందాండీ మేస్టారూ?"

"ఇవాళా లేదమ్మా. నువ్వలా నిలబడితే అసలు రాదు."

మూడు రోజులు ఖాళీ డబ్బీయే. నాలుగో రోజు పేపర్లో చుట్టి, అటూ ఇటూ చూసి, దొంగసొత్తులా నా చేతిలో పెట్టేరు.

ఆ సాయంత్రమే ఇన్సూరెన్స్ వాళ్లు కాయితం తిప్పి పంపేరు. జబ్బుకీ టెస్టుకీ పొంతన లేదంట. బిల్లింగులో ప్రతి జబ్బుకీ ఓ కోడ్ ఉంటుందండి. టెస్టు ఎందుకు చేసేరో ఆ కోడే వాళ్లకి చెప్పాలి. వాళ్లు ఒప్పుకోపోతే ఖర్చంతా మేస్టారి మీదే. ఆయన ఆ మాట విని, మందులూ వద్దు ఏమీ వద్దని సంచీ సర్దేసుకుంటున్నారు.

నేను బిల్లింగు సుబ్బారావుగారి దగ్గరికెళ్లేను.

"ఏ-సున్నా-తొమ్మిది వేసేను. కడుపులో ఇన్ఫెక్షన్, స్టూల్ టెస్ట్. ఇంకేం కావాలంట వాళ్లకి?" అన్నారాయన.

"ఆ నంబరంటే ఏ జబ్బండీ?"

"నీళ్ల విరేచనాలు."

నాకు నవ్వాగలేదు. "మేస్టారికాండీ? విరేచనాలే ఉంటే నేను మూడు రోజులు ఆ గుమ్మం ఎందుకు కాస్తానండీ?"

ఆయన మొహం మాడింది. "పోనీ, రక్తం కక్కుకున్నాడని వేసేద్దాం. వెంటనే పాసైపోద్ది."

"లేని జబ్బు ఆయన పేరున ఎందుకండీ? డాక్టరుగారు పైనే ఉన్నారు, అడగండి."

సణుక్కుంటూనే మెట్లెక్కేరు. నెలల తరబడి పరగడుపున మంట, గ్యాస్ట్రైటిస్, ఆ పురుగు కోసమే టెస్టు అని డాక్టరుగారు వివరంగా రాసిచ్చేరు. కోడ్ మారింది, కె-ఇరవైతొమ్మిది. మర్నాడు కంపెనీ ఒప్పుకుంది. టెస్టులో పురుగూ బయటపడింది. మేస్టారు రెండు వారాల మాత్రలు తీసుకుని ఇంటికి బయల్దేరేరు.

"అయితే నా కడుపు సంగతి ఆఫీసంతా తెలిసిపోయిందన్నమాట" అన్నారు వెళ్తూ.

"ఆయ్, ఇన్సూరెన్స్ వాళ్లక్కూడానండి."

టెస్టు పేరు చూసి జబ్బు రాయకూడదు, మనిషిని చూసి రాయాలి. నాకు తెలిసిందదే. సుబ్బారావుగారికీ తెలిసినట్టుంది. ఆ తర్వాత స్టూల్ టెస్ట్ కాయితం ఎప్పుడొచ్చినా, కళ్లజోడు పైకి తోసుకుని నన్నే కేకేసేవారు.

"సత్యవతీ, ఈ డబ్బీ ఎన్నో రోజుకి నిండింది?"