తాత కూలరుకు పెట్టిన టైమరు

చొక్కా జేబులో టెస్టరుంటే చాలు, లోకంలోని కరెంటంతా మన మాట వింటుందని నమ్మే వయసొకటి ఉంటుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో నాది ఆ వయసు. ఐటీఐ పూర్తిచేసి, చిట్యాలలో ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో పనికి కుదిరాను. బాగుచేయడం పెద్దగా రాదు గానీ (పాడుచేయడంలో మాత్రం లోటు లేదు) ఊళ్లో అందరికీ సలహాలిచ్చేవాణ్ని. మా తాత నన్ను 'కరెంటు సారు' అని పిలిచేవాడు. అది పొగడ్తేనని చాలాకాలం అనుకున్నాను.

తాత జీవితమంతా గొర్ల వెంట ఎండలో తిరిగిన మనిషి. మోకాళ్లు పట్టేసి ఇంట్లో కూర్చున్నాక ఆయనకు మిగిలిన సుఖం ఒక్కటే, మధ్యాహ్నం కూలర్ ముందు కునుకు. ఒకరోజు ఆయన నిద్రలో ఉండగా కూలర్లో నీళ్లైపోయి పంపు కాలిపోయింది. నేను ఊరుకుంటానా? దుకాణం నుంచి టైమరు తెచ్చాను. అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా, ముందువైపు గడియారంలాంటి చక్రం. దాన్ని గోడ ప్లగ్గుకు పెట్టి, దానికి కూలర్ వైరు తగిలిస్తే మనం చెప్పిన గంటకు నడుస్తుంది, చెప్పిన గంటకు ఆగుతుంది. పన్నెండుకు మొదలు, మూడింటికి బంద్. మూడు కాగానే తాత చెమటతో లేచి కేకేసేవాడు. "ఓ కరెంటు సారూ, ఇంకో గంట పెంచరాదురా, పానం ఉడుకుతాంది!" "నీళ్లుండయి తాతా, పంపు కాలుతది" అనేవాణ్ని. పెంచలేదు. ఇంకో బకెట్ నీళ్లు పోస్తే సరిపోయేది, నాకప్పుడు తోచలేదు. (నిజం చెప్పాలంటే తోచింది, బద్ధకించాను.)

ఆ ఎండాకాలంలోనే ఒక పొద్దున తాత పోయాడు. ఆయన ఒక్కగానొక్క ఆడబిడ్డ, మా మేనత్త, భివండిలో ఉంది. "నేను నాయిన మొఖం జూడకుంట తీస్కపోతే మళ్ల మీ గడప దొక్క" అని ఫోన్లో ఏడ్చింది. ఆమె చేరేది మర్నాడు పొద్దున్నే. అందుకని మధ్యాహ్నానికి ఐస్ పెట్టె తెప్పించి తాతను అందులో పడుకోబెట్టారు. నేను చుట్టాలకు ఫోన్లు చేస్తూ బయట ఉన్నాను. పెట్టె తెచ్చినవాళ్లు కూలర్ వైరు పీకి, ఆ జాగాలో పెట్టె వైరు తగిలించి వెళ్లిపోయారు.

మూడు దాటిన కాసేపటికి అవ్వ అరిచింది. "పెట్టె సప్పుడు జేస్తలేదురో!" అందరం ఉరికాం. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అంటే కరెంటుంది. పెట్టె అద్దానికి చెమట పట్టింది. అందరూ నా వైపు చూశారు. ఇలాంటి రోజు కోసమే కదా నేను చదివింది! టెస్టరు తీసి పెట్టెను నాలుగు వైపులా పొడిచాను, చెవి ఆనించి విన్నాను, "కంప్రెసర్ పోయింది" అని తీర్పు చెప్పాను. పెట్టె కిరాయికిచ్చినాయనకు ఫోన్ చేసి తిట్టాను. "ఇంకో పెట్టె లేదు తమ్మీ" అన్నాడు. తాత పెద్దకొడుకు, మా పెద్దబాపు, బయటికెళ్లి పొద్దు చూసి వచ్చాడు. "గీ ఎండకు ఆగది. పొద్దుగూకక ముందే లేపుదాం, డప్పులోళ్లను పిలువున్రి." అత్త అప్పటికి పూణె కూడా దాటలేదు.

అవ్వ లేచి నిలబడింది. "జర ఆగున్రి. మూడు గొట్టంగనే బందైంది. కూలర్ గూడ రోజు గప్పుడే బందైతుండె."

కూలర్ వెనక వంగి చూశాను. నా తెల్ల డబ్బా తన పని తాను బుద్ధిగా చేసుకుని కూర్చుంది. దాన్ని పీకేసి, పెట్టె వైరు నేరుగా గోడకు పెట్టాను. పెట్టె గుర్రుమంది. ఎవరూ తిట్టలేదు. అవ్వ మాత్రం నా మొహంలోకి చూసి, "సచ్చినంక గూడ ఆయనకు సల్లగాలి ఓర్వకపోతివి గదరా" అంది. ఏడుస్తున్న చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అవ్వకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే ఘొల్లుమంది. నేను గొర్ల దొడ్లోకి పోయి ఒక్కణ్నే ఏడ్చాను.

మర్నాడు అత్త వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టి, "మా నాయిన పండుకున్నట్టే ఉన్నడు" అంది. జరిగింది ఆమెకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న దుకాణముంది. టైమర్లు అమ్ముతాను, ఎలా పెట్టాలో ఓపిగ్గా చెబుతాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూలర్ ముందు నేనూ కునుకు తీస్తాను. నా కూలరుకు టైమరు లేదు. నిద్రలో నీళ్లైపోయి ఇప్పటికి మూడు పంపులు కాలిపోయాయి. అప్పటి కరెంటు సారు చూస్తే నాకు గట్టిగా చీవాట్లు పెట్టేవాడు, పాపం. కాలితే కాలనీ.