కింది సిలిండర్‌కు దమ్మొచ్చిన పొద్దు

వరద సహాయానికొచ్చిన మా సైనిక దళం కమాన్‌పూర్ దగ్గరి ఒక బడిలో దిగేసరికి ఉదయం ఐదూ నలభై. ముసురు. వాగు బడి గోడ దాకా వచ్చింది. మా ఇల్లు బొగ్గు గనులవాళ్ల సెంటినరీ కాలనీలోనే, అక్కడికి ఎంతో దూరం లేదు. అయినా డ్యూటీ డ్యూటీయే. అటు తల తిప్పలేదు.

మా సామాను ఒక రబ్బరు పడవ, దాని వెనక తగిలించే పాతికేళ్ల మోటరు, ఇరవై లీటర్ల పెట్రోలు. అవతలి దిబ్బ మీద ఆరుగురు చిక్కుకున్నారు. నీళ్లు గంటకు జానెడు ఎక్కుతున్నాయి. మోటరు నడిపి చూస్తే రొద చేసిందే గానీ, వరదకు ఎదురు పోలేకపోయింది.

"దీంతో ముగ్గుర్ని మించి తేలేం. రెండో ట్రిప్పుకు దిబ్బ ఉండదు," అన్నాడు హవల్దార్.

మరి మిగతా ముగ్గురో? నేను పనిముట్ల పెట్టె తెరిచాను.

ఆరూ ఇరవై అయిదు. రెండు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, లోపలి గాలి ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజీ బిగించి తాడు లాగాను. పై సిలిండర్ 110. కింది సిలిండర్ 60, సగం దమ్మే. ఇక్కడే తప్పు చేశాను. బొగ్గు ఊళ్లో పుట్టినవాణ్ని. ఏ యంత్రం కనబడినా ముందు కిరోసిన్‌తో కడగందే చేతులు ఊరుకోవు. కింది సిలిండర్‌ను కడిగేశాను. మళ్లీ చూస్తే 40.

గట్టు మీది జనంలోంచి గోదావరిఖని బైకు మెకానిక్కు చాచా ముందుకొచ్చాడు.

"అరే బేటా, ఉన్న నూనెంత కడిగినవ్. నూనె లేకుంటె పిస్టన్ రింగులు గాలినెట్ల ఆపుతయ్? చెంచడు ఆయిల్ పోసి చూడు."

పోశాను. 85.

"చూసినవా? రింగులే. మసి పట్టి బిగుసుకున్నయ్. కిరోసిన్ల ఆయిల్ కలిపి పొయ్యి, చక్రం చేత్తోని తిప్పుకుంట ఉండు. ఫికర్ చెయ్యకు."

గంటా పది నిమిషాలు వంతులేసుకొని తిప్పాం. ప్లగ్గు రంధ్రంలోంచి నల్లటి మడ్డి కక్కింది. తుడిచి, చెంచాడు ఆయిల్ వేసి గేజీ పెట్టాను. 100. కొత్త ప్లగ్గులతో మూడో లాగుకే అందుకుంది. బడి నిండా పొగ.

వైర్‌లెస్‌లో పై అధికారులు అడిగారు. "ఎంతమందిని తెస్తారు?"

"ఆరుగురినీ," అన్నాను. హవల్దార్ కాదనలేదు.

ఎనిమిదీ ఇరవైకి దిబ్బ చేరాం. ఒక ముసలాయన మోకాటి లోతు నీళ్లలో నిలబడి తనవాళ్లను ఎక్కిస్తున్నాడు. రిటైరైన గని సర్దార్.

"జల్ది ఎక్కు కాకా!" అన్నాను.

"ఆగు బిడ్డా, లెక్క కావాలె."

గనిలో సర్దార్ తన షిఫ్టువాళ్లందర్నీ లెక్కపెట్టుకొని ఆఖరున పైకొస్తాడు. ఆయనకది ఇంకా పోలేదు.

పడవలో ఎనిమిది మందిమి. మోటరు ఒక్కసారి కూడా ఆగలేదు. తొమ్మిదో రోజు మా ట్రక్కు మా కాలనీ గేటు ముందునుంచే తిరిగి వెళ్లింది; ఇంటికి దిగలేదు. నాకు పతకమేమీ రాలేదు, కానీ ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

కళ్లు మూస్తే ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టిన ఆ సర్దార్ తడిసిన వేలే. తనవాళ్లు ఐదుగురు అయ్యాక కూడా అది ఆగలేదు. హవల్దార్ ఆరు. నా మీద నిలిచి, ఏడు. "నేనెనిమిది," అని, అప్పుడెక్కాడు.