మంచిదాన్నే తుడిపించిన శనివారాలు

నా పాత విద్యార్థులు ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకుని అందులో నన్నూ చేర్చారు. మొన్న ఒకాయన, ఇప్పుడు ఏదో కంపెనీలో డిజైన్ విభాగానికి పెద్ద, సార్ శనివారాలే మమ్మల్ని మనుషుల్ని చేశాయని నాలుగు పేరాలు రాస్తే, మిగతావాళ్లంతా దాని కింద దండాలూ పూలగుత్తులూ పెట్టారు. వచ్చే నెల శాలువా కూడా కప్పుతారట. అది చదివి, కళ్లజోడు తీసి, కాఫీ చల్లారేదాకా అలాగే కూర్చున్నాను. ఆ శనివారాల్లో ఒకటి వాళ్లెవరికీ గుర్తున్నట్టు లేదు. చప్పట్లు కొట్టి ఇంటికి పోయినవాళ్లకు గుర్తుండాల్సిన పనేముంది?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఉప్పుగూడలో అద్దెకుంటూ, నయాపూల్ దగ్గర ఒక పాత మేడ రెండో అంతస్తులో నడిచే చిన్న డిజైన్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. నా సబ్జెక్టు పేరు ప్రయోగాత్మక డిజిటల్ మీడియా. మా ఇంటి ఓనరు ప్రతి నెలా మీరు చెప్పేదేందని అడిగేవాడు, నేను ప్రతి నెలా కంప్యూటర్ అని చెప్పి తప్పించుకునేవాణ్ణి. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం, సాయంత్రం మానిటర్ల మీద గుడ్డ ముసుగులు కప్పి వచ్చేవాళ్లం. క్లాసు మొత్తానికి ఒకే వీడియో కెమెరా, అందులో ఒకే టేపు. ఒకరు తీసుకున్నదాని మీదే మరుసటి వారం ఇంకొకరు తీసేవారు.

అక్కడ నేను పెట్టిన ఆచారం ఒకటుండేది. శనివారం మధ్యాహ్నం అందరి పనులూ చూసి, అన్నిటికంటే బాగున్నదేదో చెప్పి, దాన్ని చేసినవాళ్ల చేతనే కంప్యూటర్లోంచి తుడిపించేవాణ్ణి. ఎక్కడా నకలు దాచుకోకూడదు. చేసినదాని మీద మోజు పడితే అక్కడే ఆగిపోతారనీ, రెండోసారి చేస్తే ఇంకా బాగా వస్తుందనీ నా సిద్ధాంతం. చదువుకునే రోజుల్లో నా బొమ్మలు నా చేతనే తగలబెట్టించిన గురువు మీది కడుపుమంటకు నేను పెట్టుకున్న మర్యాదైన పేరు అది. పిల్లలు దాన్ని గౌరవమనుకునేవారు. తుడిచెయ్యగానే అందరూ లేచి చప్పట్లు కొట్టేవారు.

ఆ బ్యాచిలో మా ఉప్పుగూడ పిల్లే ఒకతి ఉండేది. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. నోరు విప్పి మాట్లాడేది కాదు గానీ పని చేస్తే తల ఎత్తేది కాదు. ఆ శనివారం తను చూపించింది వాళ్ల ఒంటిగది ఇల్లు. తెర మీద మౌసును ఎటు జరిపితే అటువైపు నుంచి వాళ్ల నాయనమ్మ గొంతు వస్తుంది. పొయ్యి దగ్గరికి జరిపితే తిన్నవా అని అడుగుతుంది, గుమ్మం దగ్గరికి జరిపితే చెప్పులు లోపలికి తెచ్చినందుకు తిడుతుంది. ఏమీ కదపకుండా కూర్చుంటే కొంచెంసేపు ఊరుకుని, "ఏంది బిడ్డా, సప్పుడు లేదు, ఉన్నవా?" అంటుంది. అందరూ ముందు నవ్వారు, తర్వాత కుర్చీలు తెర దగ్గరికి జరుపుకున్నారు. నేను ఏళ్ల తరబడి నోటితో చెబుతున్నదాన్ని ఆ పిల్ల చేసి పెట్టింది. నాకు ఒళ్లు జలదరించింది, ఆ వెంటనే కుళ్లు పుట్టింది.

ఈ వారం మంచిది ఇదేనన్నాను. ఆ పిల్ల లేచి, "నాది మంచిగ లేదు సార్, ఇంకొకలది చూడుండ్రి" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. కానీయమన్నాను. అప్పుడు చెప్పింది, ఇది మళ్ల చేసుడు కాదు సార్, మా నాయనమ్మకు పోయిన వారమే మాట పడిపోయిందని. అంతకు ముందు నెలలోనే పని ఆలస్యమైనందుకు సాకుగా క్లాసులో ఇద్దరు తమ తాతల్ని చంపేశారు, ఇదీ ఆ బాపతేననుకుని నమ్మలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి సగం పైనే నమ్మాను. నమ్మి కూడా, "అయితే మాట ఉన్నవాళ్లని పెట్టుకుని మళ్లీ చెయ్యమ్మా" అన్నాను. మళ్లీ నవ్వులు. తను తుడిచేసింది, కంప్యూటర్లోని చెత్తబుట్టా ఖాళీ చేసింది. ఆ గొంతు పట్టిన టేపు మీద అప్పటికే ఇంకొకరు తీసేశారు. చప్పట్లు అయ్యేదాకా నిలబడి, మానిటర్ మీద ముసుగు సరిగ్గా కప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత కాలేజీకి రాలేదు.

రెండు వారాలకు వాళ్ల నాన్న వీధిలో ఎదురై, బతిమాలి ఇంటికి తీసుకెళ్లాడు. మంచం మీద పెద్దావిడ మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. నన్ను చూసి ఏదో అనబోయింది, గురగురమని శబ్దం మాత్రం వచ్చింది. "బిడ్డ మా అమ్మ మాట పట్టి పెట్టిందట గద సార్. మీ తాన పైలంగ ఉన్నదని చెప్పింది. ఒక్కపారి మా ఇంటోళ్లందరికి వినిపియ్యుండ్రి" అన్నాడాయన. పిల్ల చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది. లేదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. నేను చాయ్ తాగి, ఉంది, తీరిక చూసుకుని వినిపిస్తానన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి ఒకసారి చూసి, ఖాళీ కప్పు తీసుకుని లోపలికి పోయింది. మర్నాటి నుంచి ఆయన ఎదురు పడకుండా కాలేజీకి రైలు మానేసి బస్సెక్కడం మొదలుపెట్టాను.

నాలుగు నెలలకు పెద్దావిడ పోయింది. పదో రోజుకు చుట్టాలంతా వస్తారు, ఆ గొంతు వినిపిద్దామని తొమ్మిదో రోజున ఆయన కాలేజీకి వచ్చాడు. కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేను లోపలే ఉండి, అటెండర్ చేత సార్ లేరని చెప్పించాను. ఆయన పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాడు, నేనూ లోపలే ఉన్నాను.

ఇప్పుడు ఏ ఇంట్లోనూ గొంతులకు కరువు లేదు. పోయినవాళ్ల దగ్గూ విసుగూ కూడా నాలుగు ఫోన్లలో పదిలంగా ఉంటున్నాయి. మన కాలంలో ఒక మనిషి గొంతు దొరికితే ఒక్కచోటే దొరికేది. ఆ కాలమే బాగుండేదని మనం తరచూ అనుకుంటాం, నేనూ అంటాను. నాలాంటివాడు తుడిచెయ్యమంటే ఎందుకని అడగకుండా తుడిచేసే పిల్లలుండేవారు మరి, మాకు బాగానే ఉండేది. ఉప్పుగూడ వదిలి చాలా ఏళ్లయింది, ఆ పిల్ల ఎక్కడుందో తెలుసుకునే ధైర్యం చెయ్యలేదు. ఇంట్లో ఆ నిజం చెప్పిందో లేదో కూడా తెలియదు. చెప్పకపోయి ఉంటే, ఆ తండ్రి తన తల్లి మాట సార్ దగ్గర భద్రంగా ఉందనే ఇంకా అనుకుంటూ ఉంటాడు.