నిండుకున్నాయి

నిన్న ఉదయం ఐదూ నలభైకి మెలకువ వచ్చింది, నిలబడేసరికి ఆరున్నర అయింది. మధ్యలో జరిగిందేమీ లేదు. మోకాళ్ళు పొట్ట దగ్గరికి లాక్కోవడం, పక్కకు ఒరగడం, మంచం పట్టె పట్టుకుని లేవడం, కాళ్ళు కిందికి దించి కాసేపు ఊరుకోవడం, అంతే. కొన్నేళ్ళుగా ఇదంతా పది నిమిషాల్లో అయిపోయేది. వదిన పోయిన ఈ నెల రోజులూ పరామర్శకు వచ్చేవాళ్ళతో కూర్చుని కూర్చుని నడుము మళ్ళీ బిగిసింది. నా ఈడు వాళ్ళకు పొద్దున్నే నడుము పట్టేయడం వింతేమీ కాదు. కానీ నాకిది ఇరవై నాలుగో ఏట వచ్చింది. ఆ వయసులో కీళ్ళవాతం అంటే నమ్మేవాళ్ళే లేరు.

అప్పుడు మేం నాంపల్లి స్టేషనుకు దగ్గర్లో ఒక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నాన్న గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, మేం చదువుల్లో ఉండగానే పోయారు. మిగిలింది అమ్మ, అన్నయ్య, నేను; తర్వాత వదిన. వదినది సుల్తాన్ బజార్‌లో తరాలుగా బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. ఆమె వచ్చాక మా ఇంట్లో రెండు తెలుగులు వినిపించడం మొదలైంది. అమ్మ తన తెలుగే తెలుగనుకునేది. వదినకు ఆ పట్టింపు లేదు.

నేను గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి ఏడాది కాలేదు, పర్మనెంటు కాలేదు, అంతలో తుంటి దగ్గర మొదలైన నొప్పి నడుమంతా పాకి, పొద్దున్నే లేవబోతే వీపుకు బదులు పలక అతికించినట్టుండేది. ఆబిడ్స్‌లో మేం చూపించుకున్న మొదటి డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, వెన్నుపూసలో ఏదో జారినట్టుంది, బల్ల మీద పడుకోబెట్టండి, కదలనివ్వకండి అన్నాడు. అమ్మ ఆ మాటను అక్షరాలా పాటించింది. పరుపు తీసేసి చెక్కబల్ల వేసింది. మంచినీళ్ళు కూడా పడుకున్న చోటికే తెచ్చేది. నేను పుస్తకం ముఖం మీదికి ఎత్తి పట్టుకుని, చేతులు లాగేదాకా చదివి, కిందపెట్టి, స్టేషనులో రైళ్ళు వచ్చిపోయే చప్పుడు వింటూ ఉండేవాణ్ణి. ఒళ్ళంతా లేచి పొమ్మనేది, లేవబోతే రానిచ్చేది కాదు. చూడవచ్చిన మేనమామ నవ్వుతూ, "పెళ్ళి కాకుండానే ముసలాడివయ్యావేమిట్రా" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆరు వారాలు గడిచేసరికి ముందుకన్నా బిగుసుకుపోయాను. అప్పుడే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా వచ్చి చేరకపోతే నా స్థానంలో మరొకరిని తీసుకుంటామని అందులో మర్యాదగానే రాశారు. అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకా ఇరవై రోజులు ఉన్నాయి.

ఆ వారంలోనే, అన్నయ్య క్యాంపుకు వెళ్ళిన రోజున, కిరోసిన్ లైనులో నిలబడటానికి మనిషి లేక, అమ్మ కూరగాయలకు వెళ్ళిన సమయం చూసి నేనే వెళ్ళాను. నిలబడలేక అటూ ఇటూ నడుస్తూ గంట గడిపి డబ్బా పట్టుకుని వచ్చాను. వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని వెళ్ళినవాణ్ణి వచ్చేటప్పుడు పట్టుకోలేదు. నాకది తట్టలేదు. గుమ్మంలో నిలబడ్డ వదిన చూసింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"మరిదీ, వాము ఒడిసింది. బేగం బజారుకు జర పోయి రారాదూ."

అమ్మకు రెండు విధాలా కోపం వచ్చింది. "ఒడిసింది, అయిపోయింది అనకూడదమ్మాయ్, నిండుకుంది అనాలి. వాణ్ణి కదలొద్దని డాక్టరు చెబితే బేగం బజారు పంపుతావా? సందు చివర కొట్లో లేదా వాము?"

"గాడ పురుగులొస్తున్నయ్ అత్తమ్మా. గదిసరే గానీ, నిండితే మళ్ళ తెచ్చుడెందుకు?"

ఇంట్లో సరుకు లేదని నోటితో అనడం మంచిది కాదని మా వైపు ఆ మాట వాడతారని అమ్మ వివరించడం మొదలుపెట్టింది. ఆ వివరణ పూర్తయ్యేలోగా వదిన నా చేతికి సంచి ఇచ్చేసింది.

నాంపల్లి నుంచి మోజంజాహీ మార్కెట్ దాకా నేను నడిచిన తీరు చూసి రిక్షావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆగారు. మార్కెట్ దాటాక వీపులో ఏదో ఒక్కొక్క ముడే వదులవుతున్నట్టు అనిపించింది. బేగం బజారులో ఎండుమిర్చి ఘాటుకు తుమ్మితే మాత్రం ప్రాణం పోయినంత పనయింది. వాము పట్టుకుని ఇంటికి వచ్చేసరికి తల ఎత్తి నడుస్తున్నాను. ఇదంతా డాక్టరిచ్చిన మాత్రల గుణం అనుకున్నాను. పుస్తకాలు అన్ని చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలుసుకోలేకపోయాను.

ఆ రోజు నుంచి రోజుకొకటి ఉండేది. ఇంగువ, మర్నాడు జీలకర్ర, ఆ తర్వాత లవంగాలు. రెండు కలిపి ఎప్పుడూ చెప్పేది కాదు. వదినకు మతిమరుపు అని ఇంట్లో స్థిరపడిపోయింది. కొత్త కోడలికి అప్పుడే మతి పోయిందని అమ్మ పక్కింటివాళ్ళతో కూడా అంది. వదిన ఆ పేరు మోసింది.

ఒకరోజు మిరియాలు తెచ్చి ఇంకా గుమ్మం దాటకముందే, "అయ్యో, సోంపు మర్చిపోయిన" అంది. పొట్లం నేలకేసి కొట్టాను. మిరియాలు గదంతా దొర్లాయి. "మతి లేకపోతే చీటీ రాసుకోండి. నా నడుము మీకు ఆటగా ఉందా?" అన్నాను. పెద్దదైన వదినను అలా అనకూడదు. ఆమె వంగి ఏరుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పింది:

"ఔ, మతి లేదు నాకు. గందుకే నిన్ను పంపుతున్న. చెప్పులు ఇడ్వకు, గట్లనే పో."

ఆ కోపంలో అంత దూరమూ ఎంత వేగంగా నడిచానో, తిరిగి వచ్చాక గాని తెలియలేదు.

నెలాఖరుకు వారం ఉందనగా వదిన పుట్టింటికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం అమ్మ పోపు పెట్టబోతూ ఆవాలు కనపడక వెతకమంది. బియ్యం డబ్బా వెనక పెద్ద రేకు పెట్టె ఉంటే మూత తీశాను. నేను తెచ్చిన పొట్లాలే, బజారులో కట్టిన దారం కట్టినట్టే ఉన్నాయి. వాము, ఇంగువ, జీలకర్ర, మెంతులు, సోంపు. ఒక్కటీ విప్పలేదు. అమ్మ నా భుజం మీదుగా చూసింది. తర్వాత నా వీపును, ఆరోజు ఎంత నిటారుగా ఉందో, కొత్తగా చూసినట్టు చూసి, మూత పెట్టేయమని చేత్తో చెప్పింది. పోపులో ఆవాలు వేయలేదు.

వదిన వచ్చిన మర్నాడు ఉదయం నేనింకా బల్ల మీదే ఉన్నాను. పిలిచింది వదిన కాదు, అమ్మ.

"ఒరేయ్, మెంతులు నిండుకున్నాయిరా. కాస్త బేగం బజారు దాకా వెళ్ళిరా."

పొయ్యి దగ్గర వదిన గరిటె కదపడం ఆగింది. ఎవరం నవ్వలేదు. అమ్మ తన జీవితంలో ఆ మాటను ఉన్నదున్నట్టుగా వాడింది ఆ ఒక్కసారే. నేను సంచి తీసుకుని బయటికి వచ్చాను, సందు మలుపు దాకా కళ్ళు సరిగా కనపడలేదు.

గడువుకు రెండు రోజుల ముందు వెళ్ళి ఉద్యోగంలో చేరాను. గంటకోసారి లేచి ఫైలు బీరువా దగ్గర నిలబడి రాసేవాణ్ణి. ఆఫీసులో వాళ్ళు మొదట వింతగా చూసి, తర్వాత మానేశారు. జబ్బుకు సరైన పేరు మరో రెండేళ్ళకు మరో డాక్టరు చెప్పాడు. వెన్నుకు వచ్చే వాతం, వయసులో ఉన్నవాళ్ళకే మొదలవుతుంది, పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది అన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే వదిన "గట్లనా" అని, కూర దించి, రేపటికి ధనియాలు లేవంది. అమ్మ పోయేదాకా, మేం ఇళ్ళు వేరుపడేదాకా ఈ మర్చిపోవడాలు సాగాయి. ముగ్గురికీ తెలుసు, ముగ్గురిలో ఎవరమూ పైకి అనలేదు. మిరియాల రోజున నేనన్న మాటకు క్షమాపణ కూడా చెప్పలేదు. చెబితే ఆ పెట్టె సంగతి ఎత్తాల్సి వస్తుందన్నది అప్పుడు నాకు నేను చెప్పుకున్న సాకు. నిజానికి చెప్పడానికి నలభై ఏళ్ళు ఉన్నాయి.

వదిన పోయిన పదకొండో రోజున అందరూ కూర్చుని ఉండగా నేను కూర్చోలేకపోయాను. లేచి, అన్నయ్యకు చెప్పి, బేగం బజారు దాకా నడిచాను. ఒక కొట్టు ముందు నిలబడితే ఏం కావాలని అడిగారు. ఏమీ గుర్తురాలేదు. ఖాళీ చేతులతో వచ్చాను.

అన్నయ్య ఇంట్లో ఇప్పుడు సరుకులన్నీ ఫోనులో చెబితే గుమ్మంలోకి వస్తాయి. ఏది ఎప్పుడు తెప్పించుకోవాలో ఆ ఫోనే గుర్తుచేస్తుంది, మర్చిపోయే అవకాశం లేదు. నేను డాక్టరు చెప్పినన్ని అడుగులు అపార్ట్‌మెంటు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాను. నడక మానలేదు. ఏదైనా తెమ్మని మాత్రం నన్నిప్పుడు ఎవరూ పంపరు.