పబ్బులో శాలువాల సన్మానం

ఒకే ఒక్క పాటతో మూడు సంసారాల్లో నిప్పులు పోసిన గాయకుణ్ణి మీరు ఇంతవరకూ చూసి ఉండరు. చూడాలంటే ఇదిగో, నేనే. ఆ మూడింటిలో ఒకటి నా సొంత సంసారం కావడం నా ప్రతిభకు నిదర్శనం.

మేముండేది వైకాటో ప్రాంతంలో, హామిల్టన్ శివార్లలో. పాలు పితికే మిషన్లు బాగుచేయడం నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వ్యాన్‌లో ఒక ఆవుల ఫార్మ్ నుంచి ఇంకో ఫార్మ్‌కి తిరగడం, దారి పొడుగునా రేడియోలో కంట్రీ పాటలు వినడం. ఆ పాటలన్నింట్లోనూ ఒకటే కథ: ఒకడికి ట్రక్కు ఉంటుంది, కుక్క ఉంటుంది, భార్య వదిలేసి పోతుంది. నాకు వ్యాన్ ఉంది, కుక్క లేదు, భార్య పోలేదు. అయినా అవన్నీ నా గురించే రాశారని గట్టిగా నమ్మేవాణ్ణి.

ఇంటికొచ్చే దారిలో ఒక పబ్బు ఉంది. దాని మూల బల్ల దగ్గర రోజూ ఒకే గుంపు. ఆవుల రైతు గ్రాహం, ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ మన తెలుగాయన అప్పలస్వామి అంకుల్, వాళ్లకు పోస్తూ మధ్యమధ్యలో తనూ కూర్చునే పబ్బు యజమాని బ్రూస్. శుక్రవారం శుక్రవారం నేను వెళ్లి వాళ్ల పక్కన నిలబడేవాణ్ణి. అవును, నిలబడేవాణ్ణే. ఆ బల్ల దగ్గర కుర్చీ అడిగి తీసుకునేది కాదు, వాళ్లంతట వాళ్లు జరిపి ఇవ్వాలి. ఏడాది గడిచినా గ్రాహంకి నా పేరు తెలీదు, 'మేట్' అనేవాడు. ఈ దేశంలో ప్రాణస్నేహితుణ్ణీ మేట్ అంటారు, పేరు గుర్తులేనివాణ్ణీ మేట్ అంటారు. నేను రెండో రకం. ఆ కుర్చీ కోసం నేను పడ్డ ఆరాటం మంత్రి పదవి కోసం ఏ ఎమ్మెల్యే కూడా పడి ఉండడు.

పైగా నేను తాగేది లెమనేడ్. మళ్లీ డ్రైవ్ చేయాలి కదా.

ఒకరోజు బ్రూస్ ప్రకటించాడు. "వచ్చే శనివారం మధ్యాహ్నం పబ్బు పుట్టినరోజు. పాట వచ్చినవాళ్లు పాడొచ్చు."

నా బుర్రలో బల్బు వెలిగింది. "మీ అందరి మీదా నేనో కంట్రీ పాట రాస్తాను" అన్నాను. పాటతోపాటు ఏం చేయబోతున్నానో అప్పలస్వామి అంకుల్ చెవిలో వేశాను. ఆయన ముఖం మాడిపోయింది.

"సన్మానమా? ఇక్కడా? ఒద్దు బాబూ. ఈళ్లని తిట్టు, నవ్వుతారు. పొగిడితే సిగ్గుతో సచ్చిపోతారు."

"మీరు చూస్తూ ఉండండి అంకుల్!"

మీకు తెలియనిదేముంది? మన తెలుగు సంఘాల సభల్లో జనం కంటే శాలువాలే ఎక్కువ. చేతికి దొరికినవాడికల్లా కప్పేస్తాం. నాకూ కప్పారు, ఎందుకో నాకూ తెలీదు, కప్పినవాళ్లకూ తెలీదు. ఆ శాలువాలన్నీ బీరువాలో మడతపెట్టి ఉన్నాయి. అయితే సన్మానమన్నాక దంపతుల్ని కలిపి కూర్చోబెట్టాలి. పక్కన భార్య లేకుండా శాలువా కప్పితే అది సంతాప సభలా ఉంటుంది. అందుకని ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లను స్వయంగా పిలిచాను. "మీ ఆయనకు చెప్పకండి, సర్‌ప్రైజ్!"

గ్రాహం భార్య షీలా ఆశ్చర్యపోయింది. "పబ్బులో మా ఆయనకా? ఆయన అక్కడికి ఎప్పుడో గానీ వెళ్లడే!"

ఆహా, భార్యకు కూడా ఎంత వినయం అనుకున్నాను.

శనివారం వచ్చింది. షీలా వచ్చింది, అంకుల్ భార్య పైడమ్మ ఆంటీ వచ్చింది, పళ్లెంలో శాలువాలు పట్టుకుని మా ఆవిడ రాధిక వచ్చింది. ఇది కస్టమర్ల ఫంక్షన్ అని రాధికకు చెప్పాను. భార్యల్ని చూడగానే గ్రాహం, అంకుల్ ఇద్దరూ గ్లాసులు బల్ల కింద పెట్టేశారు. నేను అదీ వినయమే అనుకుని, దంపతుల్ని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, గిటారు భుజానికి తగిలించి కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుంటే గానీ నాకు రాగం రాదు. నా కొంప ముంచింది అదే.

రాసింది ఇంగ్లీషులో. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

వాన పడ్డా వరదొచ్చినా
ఐదింటికల్లా మా గ్రాహం
మూల బల్ల ముందు కూర్చుని
తీర్చుకుంటాడు రోజూ దాహం!

"రోజూ ఐదింటికి ఫిజియోథెరపీకని చెప్పావే!" అని ఒక ఆడగొంతు అరిచింది. వన్స్‌మోర్ కాబోలనుకుని ఆ చరణాన్ని ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా పాడాను. తర్వాత అంకుల్‌ని ఎత్తుకున్నాను.

చక్కెర జబ్బును పక్కన పెట్టి
చిప్స్ పళ్లెం ఖాళీ చేసి
అప్పలస్వామి నవ్వాడంటే
అలసట పోతుంది మూట కట్టేసి!

"డాక్టరు చెప్పాడు, రోజూ నడకకెళ్తన్నానన్నావు గదయ్యా!"

"నడిచే వచ్చాను గదే, ఇక్కడికి!"

జనం లీనమైపోయారని నాకు ఒళ్లు పులకరించింది. ఆ ఊపులో, పొద్దున వ్యాన్‌లో చేర్చిన చివరి చరణం అందుకున్నాను. వాళ్ల మీద చరణాలుండి నా మీద లేకపోతే ఎలా?

కుర్చీ లేకున్నా కుమిలిపోను
గోడకానుకుని నిలబడతాను
మిషన్లన్నీ బాగానే ఉన్నా
శుక్రవారం ఇక్కడే ఉంటాను!

కళ్లు తెరిచాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఎదురుగా పళ్లెంతో రాధిక.

"శుక్రవారం ఫార్మ్‌ల మిషన్ ఖరాబైందని చెప్పినవ్ గదా?"

"అప్పుడప్పుడు నిజంగనే..."

"పిల్లలకు నువ్వు తెలుగు చెప్పే రోజే ఖరాబైతదా అది?"

"నేనేం తాగలే రాధికా! లెమనేడే! కావాలంటే బ్రూస్‌ను అడుగు."

లెమనేడ్ అన్న మాట, తన పేరు చెవిన పడగానే బ్రూస్ సత్యహరిశ్చంద్రుడిలా తలూపాడు. "నిజమే. ఈయన ఇంతవరకు బీరు ముట్టలేదు."

"మరి తాగనోనికి ఇక్కడేం పని? తాగుడన్న ఉంటే మనిషి ఆగమైండనుకుంటుంటి. పిల్లల్ని ఇడిసిపెట్టి ఊకె నిలబడనీకి వచ్చినవా?"

నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను తాగుబోతు అన్నా ఇంత బాధపడేవాణ్ణి కాదు. దిక్కుతోచక గ్రాహం వైపు చూశాను. ఆయన లేచి "థాంక్స్, మేట్" అన్నాడు. మేట్‌లో మూడో రకం కూడా ఉందని ఆ పూట తెలిసింది.

రాధిక పళ్లెం దించలేదు. తిన్నగా వెళ్లి ఒక శాలువా షీలాకు, ఒకటి పైడమ్మ ఆంటీకి కప్పి, మిగిలింది తనే కప్పుకుంది. "ఇన్నేండ్లు వీళ్లను భరించినందుకు" అని ఇంగ్లీషులో ప్రకటించింది. పబ్బు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. బ్రూస్ ముగ్గురికీ మూల బల్ల చూపించి, మర్యాదగా కుర్చీలు జరిపాడు. సన్మానితులం ముగ్గురం కార్ పార్క్‌లో నిలబడి వాన కురుస్తుంటే చూశాం.

ఆ బల్ల వాళ్లకు నచ్చింది. అప్పట్నుంచి శుక్రవారాలు అది వాళ్లదే. గ్రాహం నిజంగానే ఫిజియోకి వెళ్తున్నాడు. నేను పిల్లలకు గుణింతాలు చెబుతున్నాను. మొన్న రాధికను తీసుకురావడానికి వెళ్తే బార్ దగ్గర కొత్త కుర్రాడున్నాడు. బ్రూస్ నన్ను పరిచయం చేశాడు. "ఈయన మన రాధిక వాళ్లాయన." తర్వాత నావైపు తిరిగి, "వాళ్లు లేవడానికి ఇంకా టైం పడుతుంది మేట్, అంతవరకు ఆ గోడ దగ్గర నిలబడు" అన్నాడు.

కనుక వైకాటోలోని సమస్త ఆవులనూ సాక్షిగా పెట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను. మగవాడు సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటాడో ఆ సంగతి మీద ఇక జన్మలో పాట కట్టను. కట్టినా పాడను. పాడక తప్పకపోతే కళ్లు తెరుచుకుని, ముందు వరసలో ఎవరున్నారో చూసుకుని పాడతాను.