పదకొండేళ్ల పిల్లకు స్క్రూ పన్ను

కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన సంవత్సరం. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీదున్న పళ్ల దవాఖానలో నేను అప్పటికే చాలా ఏళ్లుగా ఆయాను. చదివింది మూడో తరగతి. పనిముట్లు కడిగి ఉడకబెట్టడం, సక్షన్ పట్టుకోవడం, అంటే నోట్లో ఊరే నీళ్లను గొట్టంతో లాగడం, నా పని.

పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి ఒక పెద్దాయన మనవరాలు శ్రావణిని తీసుకొచ్చాడు. బోరింగు కొడుతుంటే చెయ్యి జారి, దాని కడ్డీ ఎగిరి మూతికి తగిలిందట. పైవరస ముందుపన్ను వేరుతో సహా ఊడిపోయింది. వారం నుంచి పిల్ల బడికి పోవడం లేదు.

"ఇంప్లాంట్ బిగియ్యుండ్రి డాక్టరమ్మా," అన్నాడాయన. ఇంప్లాంట్ అంటే ఎముకలోకి స్క్రూ దింపి, దాని మీద పన్ను కూర్చోబెట్టడం.

"ఇప్పుడు కాదు బాపూ. పిల్ల దవడ ఇంక పెరుగుతది. పక్క పండ్లు దవడతోని కిందికొస్తయి, స్క్రూ పన్ను ఉన్నకాన్నే ఉంటది. పొట్టిగ కనవడ్తది. పద్దెనిమిది నిండినంక చూద్దాం. అప్పటిదాంక తీసి పెట్టుకునే పన్ను ఇస్త," అన్నారు డాక్టరమ్మ.

"తీసి పెట్టుకునేది నాకున్నది చాలదా? తాతా మనుమరాలు ఒక్క గిలాసలనే నానబెట్టుకోవాల్నా?"

నాకు నవ్వొచ్చింది. పిల్లకు రాలేదు. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాకొద్దు. బడిల అందరు ముసల్దాన అంటరు," అంది.

"ఊడిన పన్ను ఏది బాపూ?" అని నేనడిగాను.

"మా ఇంటామె పేడల పెట్టి ఇంటి మీదికి ఇసిరింది, మల్ల మొలుస్తదని."

డాక్టరమ్మ కలం కింద పెట్టారు. "అది పాలపన్ను కాదు బాపూ. వేరు ముట్టకుంట పాలల్ల ఏసుకొని గంట లోపల ఒస్తే, దాన్నే మల్ల కూసోబెడ్తుంటి."

ఆయన లేచి నిలబడ్డాడు. "సిటీల ఎవరన్న చేస్తరు," అని పిల్లను లేపుకుని పోయాడు. పది రోజులకు తిరిగొచ్చాడు. అక్కడా అదే మాట చెప్పారట. డాక్టరమ్మ అంగిలికి ఆనే ప్లేటుకు పన్ను బిగించి ఇచ్చారు. అద్దంలో చూసుకుని, పెట్టుకున్న మర్నాడే శ్రావణి బడికి పోయింది.

ఏడాదికి ఆ ప్లేటు సరిపోలేదు. డాక్టరమ్మ పిల్ల దవడ పాత అచ్చునూ కొత్త అచ్చునూ పక్కపక్కన పెట్టారు; కొత్తది పెద్దగా ఉంది. పెద్దాయన రెండింటినీ వేలితో తడిమి చూశాడు.

"నా మాట ఇనుంటే పిల్ల మూతి ఆగమయితుండె."

"నీ మాట ఇంట్లనే ఎవ్వరు ఇనరు తాతా," అంది శ్రావణి.

ఇంప్లాంట్‌కు ఆ పిల్ల ఇంకా ఆగే ఉంది. నేను మాత్రం ఒకటి మార్చుకున్నాను. పిల్లకు పన్ను ఊడిందని ఎవరు ఫోన్ చేసినా, ఎట్లా ఊడిందని ముందు అడగను. "పన్ను ఏడున్నది? పాలల్ల ఎయ్యుండ్రి, బయల్దేరుండ్రి," అంటాను.