బూజు అన్న ఒక్క మాట

ఆ వానాకాలం మా పాపకు పదహారు నెలలు. మూడు వారాలుగా దగ్గు తగ్గడం లేదు. మందు వేస్తే రెండు రోజులు నెమ్మదించేది, మూడో రోజు మళ్ళీ మొదలయ్యేది. అది నిద్రపోతుంటే పక్కనే కూర్చుని దాని డొక్కల వైపే చూసేదాన్ని. ఊపిరికి ఎగురుతున్నాయా, మామూలుగా ఉన్నాయా? ఆ రోజుల్లో నా బుర్రలో ఇంకో ప్రశ్నకు చోటు లేదు.

మేముండేది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తు. పాప పడుకునేది గోడకు ఆనించిన దివాన్ మీద. దాని కింద పెట్టెలాంటి అర, అందులో చలికాలపు దుప్పట్లు, పాపకు పొట్టివైపోయిన బట్టలు. ఒకరోజు పొద్దున పాప బంతి దివాన్ వెనక్కి దొర్లింది. తీద్దామని దివాన్ జరిపితే గోడ మీద అరచేతులంత నల్ల మచ్చలు. దివాన్ వెనక ప్లైవుడ్‌కు ఆకుపచ్చటి నూగు. అర మూత ఎత్తితే తడిసిన గోనెసంచి వాసన. పాప తల పెట్టుకునే చోటికి అదంతా జానెడు దూరం.

పదింటికి నాకు ఆఫీస్ కాల్ ఉంది. అప్పుడే మా ఇంట్లో పనిచేసే అక్క వచ్చింది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్నూ అక్కా అనే అంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ, "అక్కా, దివాన్ వెనక బూజు పట్టింది, జర చూడు," అని చెప్పి వేరే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

రొట్టె మీద లేచేదీ బూజే, కప్పు మూలల్లో వేలాడేదీ బూజే. మొదటిదాన్ని తుడవాలి, రెండోదాన్ని దులపాలి. పండగల ముందు నాలుగిళ్ళు దులిపే మనిషికి ఆ మాట వినగానే చెయ్యి దేని మీదికి పోతుంది? తలకు కొంగు చుట్టుకుని, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, పొడిచీపురుతో గోడను, ప్లైవుడ్‌ను బరబరా గీకింది. అరలోని దుప్పట్లు తీసి విదిలించింది. పాప ఆ గదిలోనే చాప మీద గిన్నెలతో ఆడుకుంటోంది.

నేను బయటికి వచ్చేసరికి నలభై నిమిషాలైంది.

"మస్తు పట్టింది అక్కా, దులిపి దులిపి చేతులు గుంజుతున్నయ్."

పాప జుట్టు మీద, చాప మీద సన్నటి నల్లపొడి. పాపను బాత్రూంలోకి ఎత్తుకుపోయి తల మీద నీళ్ళు పోశాను.

సాయంత్రానికి ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. దీపాలు పెట్టే వేళకు డొక్కలు ఎగరేస్తోంది. పంజాగుట్టలో పిల్లల డాక్టరు దగ్గరికి బయలుదేరాం. వానకు దారిలో ట్రాఫిక్ నిలిచి ఆటో కదలలేదు. చివరి కొంత దూరం మా ఆయన గొడుగు పట్టాడు, నేను పాపను చున్నీలో చుట్టుకుని నడిచాను.

మూతికి నెబ్యులైజర్ మాస్కు పెట్టాక డాక్టరమ్మ అడిగింది. "ఇవాళ ఇంట్లో ఏమన్నా దులిపారామ్మా?"

"పనామె బూజు పట్టిన గోడ దులిపింది మేడం."

అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

"బూజు పట్టిన గోడను పొడిచీపురుతో ముట్టకూడదు, అంతా గాల్లోకి లేస్తుంది. తడిబట్టతో తుడవండి, అప్పుడు పాప ఆ గదిలో ఉండొద్దు. ముందు ఆ గోడకు చెమ్మ ఎందుకొస్తోందో చూసుకోండి. అది చూడకుండా తుడిస్తే మళ్ళీ వస్తుంది."

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన, "రేపటిసంది ఆమెను రావద్దను. గింత సోయి లేకుంటే ఎట్ల?" అన్నాడు. నేను పాప వీపు రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే, కింద ఉండే ఓనరు ఆంటీని పిలిస్తే వచ్చి చూశారు. "సీలన్ హై బేటా, చెమ్మ. బారిష్‌మే ఆతీచ్ హై, వానలకు వస్తనే ఉంటది. రంగు ఏపిస్త, ఫికర్ జెయ్యకు," అంటూ గది చుట్టూ చూసి కిటికీ దగ్గర ఆగిపోయారు. "ఖిడ్కీకి గీ టేపేంది?"

చెప్పాను. ఎదురు బిల్డింగ్ లేడీస్ హాస్టల్. వాళ్ళ వంటగది మా కిటికీకి ఎదురుగా ఉంటుంది. మిరపకాయల పోపు ఘాటుకు పాప దగ్గుతోందని జూన్‌లోనే రెక్కలు మూసి చుట్టూ టేపు అంటించాను. బాత్రూం తలుపు తెరుచుకునేది ఈ గదిలోకే. వానలకు పాప బట్టలు ఆరేసేదీ ఇక్కడే, ఫ్యాన్ కింద.

"మరి గాలి యాడికెళ్ళి పోవాలె? అచార్ డబ్బాల, పచ్చడిల తడి చెంచా పెట్టి మూత పెడితే ఏమైతది? గదే చేసినవ్ బేటా."

పాపకు దగ్గు రాకూడదని అంటించిన టేపు అది.

అంతలో అక్క వచ్చింది. మా ఆయన గుమ్మం దగ్గరే ఆపి, "ఒక మాట చెప్పాలె," అన్నాడు.

"ఆగు," అన్నాను. "బూజు చూడు అని చెప్పి లోపలికి పోయింది నేనే. ఎట్ల తియ్యాలో చెప్పలె. పాప ఆడ్నే ఉన్నదని కూడా చూసుకోలె."

ఆయన ఆఫీసు బ్యాగ్ తగిలించుకుని మెట్లు దిగాడు. అక్కకు సంగతంతా చెప్పాను.

"నల్లగుంటే మసిబూజనుకున్న. పచ్చడి మీద లేసే అసొంటిదని చెప్తే నాకు తెల్వకపోవునా?" అంది. తర్వాత గొంతు తగ్గింది. "నా చేతులతోని అయిపాయె గదక్కా. పిల్ల మంచిగున్నదా ఇప్పుడు?"

పాపను ఆంటీ దగ్గర వదిలి ఇద్దరం మొదలుపెట్టాం. టేపు పీకి కిటికీ తెరిచాను. ఫ్యాన్ ఆపి ముక్కులకు చున్నీలు బిగించుకున్నాం. దుప్పట్లు గదిలోనే కవర్లలో మూటకట్టి బయటికి తీశాం. సబ్బునీళ్ళలో ముంచిన బట్టతో గోడ తుడవడం, బట్టను వేరే బకెట్లో జాడించడం, పొడిబట్టతో అద్దడం. ప్లైవుడ్ ఎంత తుడిచినా పోలేదు, ఊడదీసి కిందికి పంపించాం. చిన్న బట్టలన్నీ వేడినీళ్ళలో ఉతికాం. పాప పుట్టినప్పుడు మా అమ్మ అల్లిన ఉన్ని టోపీకి మాత్రం మచ్చలు వదల్లేదు. నేను చేతిలో పట్టుకుని నిలబడితే అక్కే తీసుకుని చెత్త సంచిలో వేసింది.

దివాన్‌ను గోడకు జానెడు ఎడంగా పెట్టాం. గోడ ఆరేదాకా రంగు వద్దని ఆంటీకి చెప్పాను. ఆమె బాత్రూంకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించారు.

ఇదంతా జరిగి పన్నెండు రోజులు. పాప ఇంకా ఇన్‌హేలర్ మీదే ఉంది. వాళ్ళు వండేటప్పుడు మూసి, తర్వాత తెరువు అంటారు ఆంటీ. హాస్టల్ వంట ఒక పూటతో అయ్యేది కాదు. ఈరోజు పొద్దున పోపు వాసన రాగానే పాప ఒకసారి దగ్గింది. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"మూసెయ్యరాదూ?" అన్నాడు మా ఆయన.

"ఆగు, ఇంకోసారి దగ్గుతదేమో చూద్దాం."

ఒక చేత్తో రెక్క పట్టుకుని, రెండో చెయ్యి గోడకు ఆనించి, పాప డొక్కల వైపు చూస్తూ నిలబడ్డాను. గోడ చల్లగా తగిలింది. అది పొద్దుటి చల్లదనమో, మళ్ళీ చెమ్మో, నా అరచేతికి ఇంకా తేడా తెలియడం లేదు.